ఆగరాదు, కూర్చోరాదు

మా కుట్టు షాపులోంచి నడిచి వెళ్ళే హక్కును కోర్టు మా పెద్దమ్మకు ఇచ్చింది. నడవడానికి మాత్రమే. ఆ తీర్పు నాకు ఇప్పటికీ నోటికి వచ్చు, చదివినప్పుడల్లా ఒళ్ళు మండేది గనక. వాది ఆ దారిన రావచ్చు, పోవచ్చు. ఆగరాదు, కూర్చోరాదు, ఏ వస్తువూ ఉంచరాదు. ప్రతివాది పగలంతా తలుపు గడియ తీసి ఉంచాలి, దారిలో ఏ అడ్డమూ పెట్టరాదు, వాది వాటాలో అడుగు పెట్టరాదు. ప్రతివాది అంటే మా అమ్మ. వాది ఆమె తోడబుట్టిన అక్క. ఆ సంగతి మొదటి పేజీలో ఒకసారి రాసి, ఆ తర్వాత అందరూ మరిచిపోయారు.

తీర్పు వచ్చాక కోర్టు పంపిన మనిషి ఒకాయన వచ్చాడు. వీధి గుమ్మం నుంచి వెనక వాటా తలుపు దాకా, ఎడమ గోడ వెంబడి టేపు పట్టి కొలిచి, నేల మీద పసుపు పెయింటుతో గీత గీయించాడు. గీతకు అటు పక్క పెద్దమ్మ దారి, ఇటు పక్క మా షాపు. తాత పోయాక ఆ గదిలో టేపు పట్టే అధికారం అమ్మ ఒక్కదానిదే. ఆ రోజు మాత్రం మెడలో తన టేపు అలాగే వేలాడుతుండగా, ఇంకొకడు తన నేలకు కొలతలు తీస్తుంటే కుర్చీలో కూర్చుని చూసింది. "కాస్త లూజు ఉంచండి, రేపు బిగుతైపోతుంది" అంది. ఆయనకు అర్థం కాలేదు. నాకు నవ్వొచ్చింది, ఆ వెంటనే ఏడుపొచ్చింది.

ఇల్లు ఎలా ఉంటుందో చెప్పాలి. వీధి వైపు పొడుగాటి గది, అదే షాపు. దాని మీద అమ్మా నేనూ పడుకునే గది. షాపు వెనక తలుపు తీస్తే ఇంకో గది, ఒక వంటిల్లు, పిడికెడంత పెరడు. పెరటి అవతల నేల పల్లం. అక్కడి నుంచి కింది సందులోకి దిగడానికి నిటారుగా ఇనుప మెట్లు. వాన పడితే వాటి మీద పిల్లి కూడా ఆచితూచి దిగుతుంది. తాత దర్జీ. పోయే ముందు, మిషను మీద కూర్చునేది చిన్నది గనక ముందు భాగం చిన్నదానికని, వెనక భాగం పెద్దదానికని రాసిపెట్టాడు. పెద్దది వెనక భాగంలోకి ఎలా వెళ్ళాలో మాత్రం రాయలేదు. అక్కాచెల్లెళ్ళ మధ్య దారి రాయాల్సి వస్తుందని ఆయనకు తోచి ఉండదు.

పెద్దమ్మ పెళ్ళి చేసుకోలేదు. మా నాన్న నాకు నడక రాకముందే పోయాడు. అంచేత నన్ను పెంచింది ఇద్దరు ఆడవాళ్ళు, ఒక కుట్టుమిషను. అమ్మ కుట్టేది, పెద్దమ్మ కాజాలు వేసేది. మిషనుకు ఎదురుగా తాత చేయించిన పొట్టి స్టూలు ఒకటి ఉండేది. దాని మీద కూర్చుని, చొక్కా ఒళ్ళో వేసుకుని, గుండీ పట్టే ఆ చిన్న కోత చుట్టూ దారం తిప్పుకుంటూ పోయేది. ఆమె కాజాలో గుండీ పెడితే అక్కడే పుట్టినట్టు కూర్చునేది. ఇద్దరూ పొద్దస్తమానం పోట్లాడుకుంటూ పని చేసేవాళ్ళు. రేడియో పెద్దదిగా పెట్టావని ఒకరు, కిటికీ మూశావని ఒకరు. నేను మూలన కూర్చుని పాఠాలు చదువుకునేదాన్ని. వాళ్ళ పోట్లాట ఆగితే నాకు చదువు ఎక్కేది కాదు.

అసలు గొడవ ఎందుకొచ్చిందో చెబితే నవ్వుతారు. ట్రయల్ రూము వల్ల వచ్చింది. వెనక తలుపు దగ్గర మూలన తెర కట్టించి, దాన్ని ట్రయల్ రూము అనడం మొదలుపెట్టింది అమ్మ. దాని మొదటి గిరాకీ రెండు జేబుల మాస్టారు. ఆయన బళ్ళో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. చొక్కాకు రెండు జేబులుండాలి, జేబులకు మూతలుండాలి, మూతలకు గుండీలుండాలి. ఆ రోజు ఆయన తెర వెనక ప్యాంటు మార్చుకుంటుండగా, పెద్దమ్మ నిలువునా తడిసి, రెండు చేతుల్లో సంచులతో వీధిలోంచి వచ్చింది.

"ఆగక్కా, మాస్టారు లోపలున్నారు" అంది అమ్మ, తలెత్తకుండా.

పెద్దమ్మ ఆగింది. చీర అంచు నుంచి నీళ్ళు నేల మీద కారుతున్నాయి. తెర వెనక మాస్టారు నడుము దగ్గర బిగుతా, వదులా అని తేల్చుకోలేకపోతున్నారు.

"పోనీ, చుట్టూ తిరిగి మెట్ల మీంచి వెళ్ళిపోరాదూ?" అంది అమ్మ.

షాపులో నలుగురున్నారు. పెద్దమ్మ ఆ నలుగురి వంకా చూసింది. "నేను ఈ ఇంట్లోకి దొడ్డిదారిన రావాలా?"

"ఎవరు రమ్మన్నారు దొడ్డిదారిన? నా షాపులో ఒక మనిషి బట్టలు మార్చుకుంటుంటే..."

"నీ షాపా?"

అమ్మ అప్పుడైనా నాలుక కరుచుకుని ఉంటే సరిపోయేది. కరుచుకోలేదు. నలుగురి ముందు వెనక్కి తగ్గడం నామోషీ అనిపించి "కాక ఎవరిదీ?" అంది. పెద్దమ్మ సంచులు పట్టుకుని వానలోకి వెళ్ళిపోయింది. ఆ మెట్లెక్కి ఎలా వెళ్ళిందో ఏమో. మర్నాడు కాజాలకు రాలేదు. రాలేదన్న ఉక్రోషంతో అమ్మ వెనక తలుపుకు ఇటువైపు గడియ పెట్టింది. గడియ పెట్టిందన్న పంతంతో పెద్దమ్మ లాయరు దగ్గరికి వెళ్ళింది. ఒకరికి కోపం, ఒకరికి పంతం ఉన్న ఇంట్లో లాయర్లకు ఏం లోటు?

మా లాయరు ఎప్పుడూ గడియారం చూసుకునే మనిషి, ఆయన్ను నేను తొందర లాయరనేదాన్ని. పెద్దమ్మ లాయరుకు మాటకు ముందొక దగ్గు, వెనకొక దగ్గు. కేసు నడిచినన్నాళ్ళూ అక్కాచెల్లెళ్ళిద్దరూ ఒకే బస్సులో కోర్టుకు వెళ్ళారు, ఒకరు ముందు సీట్లో, ఒకరు వెనక సీట్లో. ఒకసారి అమ్మ దగ్గర చిల్లర లేకపోతే పెద్దమ్మ వెనక సీట్లోంచి కండక్టరు చేతికి ఇద్దరి టిక్కెట్లకూ ఇచ్చింది. ఇద్దరూ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు.

ఓడిపోయిన రోజు తొందర లాయరు షాపుకు వచ్చి అమ్మకు ఓదార్పుగా చట్టం చెప్పాడు. "చూడమ్మా, ఒకరికి హక్కు వచ్చిందంటే ఇంకొకరికి బాధ్యత వచ్చినట్టే. మీ భాషలో చెప్పాలంటే, అటు గుండీ ఉంటే ఇటు కాజా ఉండాలి. రెండూ కలిస్తేనే పని జరుగుతుంది."

"కాజాలు వేసే మనిషే అటువైపు వెళ్ళిపోయిందండీ" అంది అమ్మ.

ఆయన నవ్వి, గడియారం చూసుకుని, ఒక ప్యాంటు కింద మడత విప్పమని ఇచ్చి వెళ్ళాడు.

ఇక అప్పటి నుంచి పెద్దమ్మ రోజూ పొద్దున ఆ దారిన వెళ్ళేది, కాసేపటికి ఆ దారినే తిరిగొచ్చేది. గోడకూ గీతకూ మధ్య, తల తిప్పకుండా. ఇటు చూసేది కాదు. ఇటు చూడటం కూడా ఉల్లంఘన కిందికి వస్తుందేమోనని భయం కాబోలు. అమ్మ కూడా తీర్పును తు.చ. తప్పకుండా పాటించింది. పొద్దున్నే లేచి చేసే మొదటి పని వెనక తలుపు గడియ తీయడం. గీతకు అవతల చిన్న గుడ్డ పేలిక పడినా పరుగెత్తి తీసేది. కస్టమర్లెవరైనా అటు చెప్పులు విప్పితే ఇంతెత్తున లేచేది. కోర్టు వాళ్ళు మా ఇద్దరు ఆడవాళ్ళను చూసి ఉంటే, చట్టానికి ఇంత విలువ ఇచ్చే మనుషులు దేశంలో ఉన్నారా అని మురిసిపోయేవాళ్ళు. నాకైతే ఇద్దరి తలకాయలూ పట్టుకుని ఒకదానికొకటి కొట్టాలనిపించేది.

ఒక సంగతి నేను చాలా ఆలస్యంగా కనిపెట్టాను. పెద్దమ్మ వచ్చే వేళకు అమ్మ మిషను తప్పకుండా నడుస్తూ ఉండేది. పనిలో మునిగిపోయి ఆవిడ రాకను చూడనట్టు. ఒక రోజు నేను కత్తిరించిన ముక్కలు అందించడానికి దగ్గరికి వెళ్ళి చూస్తే సూది కింద గుడ్డ లేదు. దారం కూడా లేదు. అమ్మ వంచిన తల ఎత్తకుండా వట్టి మిషను తొక్కుతోంది. పెద్దమ్మ అడుగులు వీధి గుమ్మం దాటగానే తొక్కడం ఆపింది. నేను ఆ ముక్కలు చేతిలో పట్టుకునే నా బల్ల దగ్గరికి వచ్చేశాను.

కాజాలు ఊరి అవతల మిషను మీద వేసే వాడి దగ్గరికి పంపేవాళ్ళం. వచ్చిన చొక్కా ప్రతిదాన్నీ అమ్మ గోటితో గీకి చూసి, పక్కన పడేసి, నిట్టూర్చేది.

కొన్నేళ్ళకు పెద్దమ్మ మోకాళ్ళు పట్టేశాయి. దారి మధ్యలో, సరిగ్గా మిషనుకు ఎదురుగా, ఆమె అడుగు తడబడేది. గోడకు చెయ్యి ఆనించి ఊపిరి పీల్చుకుని మళ్ళీ కదిలేది. రోజూ అదే చోట. గోడ మీద అరచేతి మేర సున్నం నల్లబడింది. ఆ చోట ఆమె ఆగలేదనీ అనవచ్చు, ఆగిందనీ అనవచ్చు. మా తొందర లాయరు చూస్తే ఆగిందనే అనేవాడు.

ఆ మచ్చ అమ్మను తినేసింది. ఆమె నాతో ఏమీ అనలేదు గానీ, లాయరు తన చొక్కా కోసం వచ్చినప్పుడు, కొలతలు తీస్తూ మామూలుగా అడిగినట్టు అడిగింది.

"ఆవిడ ఒకరోజు ఇక్కడ కాసేపు కూర్చుందనుకోండి. ఏమవుతుంది?"

"కూర్చోనివ్వకండి" అన్నాడాయన, చేతులు చాపి నిలబడి. "ఇవాళ కూర్చుంటుంది, రేపు కూర్చుంటుంది. కొన్నాళ్ళకు అదే అలవాటు, ఆ తర్వాత అదే హక్కంటారు."

"అంటే?"

"అంటేనా? మీకు కూర్చోబెట్టే బాధ్యత వచ్చి పడుతుంది."

ఆ బాధ్యతే తనకు కావాలని అమ్మ ఆయనతో ఎలా చెబుతుంది? రెండోసారి భుజం కొలిచి, ఆ కొలత కూడా మరిచిపోయి, మూడోసారి కొలిచింది.

నేను పెద్దమ్మతో మాట్లాడేదాన్ని, వీధిలో. వీధికి తీర్పు లేదు. ఒకరోజు నూలు కొనడానికి వెళ్ళి వస్తుంటే మూల మీద బస్టాపు బెంచీ మీద కూర్చుని కనిపించింది. బస్సొచ్చింది, పోయింది. ఆమె లేవలేదు.

"ఎక్కడికి పెద్దమ్మా?"

"ఎక్కడికీ లేదే. కూర్చున్నా."

"మరి సంచీ?"

సంచీ విప్పి చూపించింది. ఖాళీ. "వట్టి చేతుల్తో వెళ్తే పనిలేక తిరుగుతున్నాననుకుంటారు గదా."

"పనిలేకనేగా తిరుగుతున్నావు!"

"మా లాయరు చెప్పాడు. వాడని దారి పోతుందట. రోజూ నడవాలట. ఇంత దూరం వచ్చి, ఈ బెంచీ మీద కాసేపు కూర్చుని, మళ్ళీ నడిచి వెళ్ళిపోతా." మోకాలు రాసుకుంది. "లాయరు చెప్పకపోయినా నడిచేదాన్నేలే. అది కుట్టుకుంటూ కనిపిస్తుంది. ఓ కంట చూస్తాను. జుట్టు నెరిసిపోయింది దానికి. రంగు వేసుకోమను."

"ఒక్కసారి కూర్చోరాదూ అక్కడ? అమ్మ ఏమంటుంది?"

"మీ అమ్మ ఏమీ అనదు. దాని లాయరు అంటాడు. కూర్చోకూడదన్న చోట కూర్చుందని మళ్ళీ కోర్టుకు పోతాడు, ఉన్న దారి కాస్తా ఊడుతుంది. దారి పోతే నేను దాన్ని ఎట్లా చూడనే?" తర్వాత ముఖం పక్కకు తిప్పుకుని "అయినా పిలవని చోట నేనెందుకు కూర్చుంటాను? నాకు సిగ్గులేదా?" అంది.

ఇంటికి వచ్చి, ఉన్నది ఉన్నట్టు అమ్మకు చెప్పేశాను. ఖాళీ సంచీ సంగతి, నెరిసిన జుట్టు సంగతి, అంతా. అమ్మ విని, కత్తెర తీసుకుని, కత్తిరించనక్కర్లేని గుడ్డను కత్తిరించింది. ఆ సాయంత్రం అటక ఎక్కి పొట్టి స్టూలు దించింది. తడిగుడ్డతో తుడిచింది, కాళ్ళు గట్టిగా ఉన్నాయా లేదా అని తాను కూర్చుని చూసుకుంది. ఎందుకని నేనడగలేదు. అడిగితే సిగ్గుపడి మళ్ళీ అటకెక్కిస్తుందని భయం.

పొద్దున గడియ తీశాక అమ్మ ఆ స్టూలు పట్టుకెళ్ళి, గీతకు అవతల, గోడ మీద నల్లమచ్చ కింద పెట్టింది. పెద్దమ్మ ఊపిరి కోసం ఆగే చోటే. ఇన్నేళ్ళలో అమ్మ ఆ దారిలో పెట్టిన మొదటి వస్తువు అది. "కూర్చో అక్కా, అంటాను. అంతే కదా. ఏముంది అందులో" అంది నాతో. అప్పుడు ఆమె మొహం చూడాలి, మొదటిసారి బళ్ళోకి వెళ్ళే పిల్ల మొహంలా ఉంది.

ఏముంది అందులో అనుకున్న మాటే బయటికి రాలేదు. వెనక తలుపు తెరుచుకునే వేళకు రెండు జేబుల మాస్టారు ఊడిపడ్డారు. జేబు మూత వంకరగా ఉందని అమ్మ మొహం ముందు చొక్కా ఆడిస్తున్నారు. నేను ఆయన్ను ఇటు లాక్కొచ్చే లోపే పెద్దమ్మ గుమ్మంలో నిలబడింది. ఆమె చూపు ముందు స్టూలు మీద పడింది. తన స్టూలే. తన దారికి అడ్డంగా. ఆ తర్వాత మాస్టారిని చూసింది. ఆ తర్వాత అమ్మను చూసింది.

అమ్మ మిషను తొక్కుతోంది. గాభరాలో కాళ్ళు వాటి అలవాటు ప్రకారం వట్టి మిషను తొక్కేస్తున్నాయి. నోరు తెరిచింది, మాట పెగల్లేదు. ఆ చప్పుడులో తల వంచుకుని కూర్చున్న చెల్లెలు పెద్దమ్మకు ఎలా కనబడిందో నాకు తెలుసు. ఆ వాన రోజు కనబడినట్టే కనబడి ఉంటుంది. దారిలో ఏ అడ్డమూ పెట్టరాదు అన్న ముక్క ఆమెకు నోటికి వచ్చు. స్టూలు అడ్డం కాక మరేమిటి?

పెద్దమ్మ వెనక్కి తిరిగి, తలుపు నెమ్మదిగా దగ్గరికి వేసుకుని వెళ్ళిపోయింది.

"అక్కా" అంది అమ్మ. తలుపు మూసుకున్నాక అంది.

నేను లేచి తలుపు దగ్గరికి వెళ్ళబోతే అమ్మ నా చెయ్యి పట్టుకుంది. "అటు అడుగు పెట్టకూడదు. మళ్ళీ అక్క లాయరు..." అని ఆగిపోయింది. ఆమెకు రావడానికి హక్కుంది. మాకు వెళ్ళడానికి లేదు. ఇన్నేళ్ళూ అది మాకు పెద్ద విషయంగా అనిపించలేదు. "రేపు పొద్దున మామూలుగా వస్తుందిలే. అప్పుడు చెబుతాను" అంది అమ్మ. స్టూలు తీసి గీతకు ఇవతల పెట్టింది. మాస్టారి జేబు విప్పడం మొదలుపెట్టింది. విప్పడానికి అరగదీసిన పాత బ్లేడు వాడుతుంది. ఆ రోజు రెండుసార్లు వేలు తెగింది.

మధ్యాహ్నం కింది సందులో ఇస్త్రీ చేసే ఆయన పరుగెత్తుకుంటూ వీధివైపు నుంచి వచ్చాడు. ఇనుప మెట్ల మీంచి పెద్దావిడ జారిపడిందని, తుంటి విరిగినట్టుందని, తానే ఆటోలో ఆసుపత్రిలో చేర్చి వస్తున్నానని చెప్పాడు. చేతిలో పెద్దమ్మ ఖాళీ సంచీ ఉంది.

నేను ఆ కాళ్ళతోనే బయల్దేరాను. అమ్మ గుమ్మం దాకా వచ్చి ఆగిపోయింది. "నేను ఏ మొహం పెట్టుకుని రానే? నువ్వు వెళ్ళి చెప్పు. అడ్డం పెట్టలేదని చెప్పు" అంది. రమ్మని అరిచాను. తిట్టాను కూడా. గుమ్మం పట్టుకుని ఏడుస్తూ నిలబడిపోయింది, కదల్లేదు.

ఆసుపత్రిలో పెద్దమ్మ స్పృహలోనే ఉంది. కాలికి బరువు కట్టారు. నన్ను చూడగానే మొదటి మాట, "స్టూలు ఎందుకే పెట్టింది అడ్డంగా? అంత బరువైపోయానా దానికి?"

చెప్పాను. అటక మీంచి దించిన సంగతి, తడిగుడ్డతో తుడిచిన సంగతి, కూర్చుని చూసిన సంగతి. మిషను మీద గుడ్డ లేని సంగతి కూడా చెప్పేశాను, అన్నేళ్ళదీ. పెద్దమ్మ పైకప్పు వంక చూస్తూ విన్నది. కళ్ళ పక్కనుంచి నీళ్ళు చెవుల్లోకి కారుతున్నాయి. తుడిచాను.

"కూర్చోమని నోటితో చెప్పలేదా? పెళ్ళికూతురా అది, సిగ్గుపడటానికి?"

"నువ్వు ఎందుకు పెట్టావని నోటితో అడగలేవా?"

"లేను" అంది. కాసేపటికి నవ్వింది. నొప్పికి ఆ నవ్వు మధ్యలో తెగిపోయింది. "వట్టి మిషను తొక్కుతుందటే? పిచ్చి మొద్దు. బెల్టు అరిగిపోదూ! రేపు రమ్మను. వచ్చేటప్పుడు కాజాలు వేయాల్సిన చొక్కా ఏదైనా ఉంటే తెమ్మను. విరిగింది తుంటి, చేతులు కాదు. ఇంటికొచ్చాక కూర్చుంటాను, ఆ స్టూలు మీదే. ఎవడి లాయరు ఏమంటాడో చూస్తాను."

ఈ మాటలన్నీ అమ్మకు అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పాను. అమ్మ ఏడుస్తూ విన్నది, నవ్వుతూ విన్నది, మళ్ళీ చెప్పించుకుని విన్నది. ఆ సాయంత్రమంతా కూర్చుని మాస్టారి చొక్కా పూర్తి చేసింది. రెండు జేబులూ, రెండు మూతలూ, అన్నీ. కాజాల చోట సుద్దతో గుర్తులు పెట్టి వదిలేసింది. చొక్కా మడిచి, అదే రంగు దారపుండ, సూది పెట్టి, ఇస్త్రీ ఆయన తెచ్చిచ్చిన పెద్దమ్మ సంచీలోనే వేసింది. తలకు రంగు కూడా వేసుకుంది.

పొద్దున మేము బయల్దేరబోతుండగా ఆసుపత్రి నుంచి ఫోను వచ్చింది. విరిగిన కాలి నుంచి నెత్తురు గడ్డ ఒకటి ఊపిరితిత్తులకు చేరిందట. తెల్లవారే వేళకు అంతా అయిపోయిందట. అమ్మ సంచీ భుజాన వేసుకుని చెప్పులేసుకుని నిలబడి ఉంది. నేను ఫోను పెట్టేశాను. అమ్మ చెప్పులు విప్పి, వెనక తలుపు దగ్గరికి వెళ్ళి, గడియ తీసే ఉందా లేదా అని చూసింది.

మధ్యాహ్నానికి ఆసుపత్రి వాళ్ళే బండిలో తీసుకొచ్చారు. సందు మెట్ల మీంచి స్ట్రెచరు ఎక్కదు గనక వీధి గుమ్మంలోంచే తెచ్చారు. పెద్దమ్మ గదిలో పడుకోబెట్టాలని నేను ముందే చెప్పి ఉంచాను. మోసేవాళ్ళు ఇద్దరు, ఆ దారి కొలిచి గీసినట్టే సరిపోయింది వాళ్ళకు. గోడకూ పసుపు గీతకూ మధ్యనుంచి నడిచారు. వాళ్ళకు ఆ గీత సంగతి ఏం తెలుసు? అయినా ఒక్క అడుగు కూడా ఇటు పడలేదు. పెద్దమ్మ తల ఎప్పటిలాగే నేరుగా ముందుకు ఉంది.

మిషను నడవడం లేదు. అమ్మ మిషను మీద లేదు. వీధిలో మాస్టారు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నారు. పక్కన తొందర లాయరు కూడా ఉన్నాడు. ఆ రోజు గడియారం చూసుకోలేదు, అంత మాత్రం మనిషే.

గోడ మీద నల్లమచ్చ దగ్గరికి వచ్చేసరికి అమ్మ గీత దాటి వాళ్ళకు అడ్డంగా వెళ్ళి నిలబడింది.

"ఆపండి" అంది.

"వెనక గదిలోకన్నారు గదమ్మా" అన్నాడు ముందున్నవాడు.

"ఇక్కడ దించండి."

నేను నా కత్తిరింపుల బల్ల మీదున్నవన్నీ రెండు చేతులతో కిందికి తోసేశాను. గుడ్డలు, కత్తెర, సుద్దలు, అన్నీ. బల్లను లాగితే దాని సగం గీతకు ఇటు, సగం అటు వచ్చింది. పెద్దమ్మను దాని మీదికి దించారు. అమ్మ పొట్టి స్టూలు తెచ్చి బల్ల పక్కన వేసుకుని కూర్చుంది. ఒళ్ళో ఆ సంచీ ఉంది. స్టూలు పొట్టిది, బల్ల ఎత్తుది. అక్క మొహం చూడాలంటే తల పైకెత్తాల్సి వచ్చింది.

"కూర్చో అక్కా" అంది.

మోసేవాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. బండి వీధికి అడ్డంగా ఉంది, వెనక ఇంకో బండి ఆగి ఉంది. ముందున్నవాడు కాస్త జంకుతూనే అడిగాడు.

"ఎంతసేపమ్మా?"

అమ్మ అతని వంక చూడలేదు. పెద్దమ్మ చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుంది.

"నన్నడుగుతారేం?" అంది. "ఆవిడ ఇష్టం."

అతను తలూపి వెళ్ళి గుమ్మం పక్కన నిలబడ్డాడు. బయట హారను రెండుసార్లు మోగి ఆగిపోయింది.